కుడి బొటనవేలు

“ఏ వేలు?” దవాఖాన మున్షీ చోటే మియా రిజిస్టరు తెరిచాడు.

“కుడి బొటనవేలు, సాబ్. రోకటి పోటు,” అన్నాడు తిప్పన్న. కట్టుతో ఉన్న వదిన చేతిని అరచేతుల్లో పెట్టుకుని, నొప్పి తగ్గాలని ఊదుతున్నాడు. అది చూసి మున్షీకి ముచ్చటేసింది.

“పొరపాటైతే ఒకటి, కావాలని కొడితే రెండు రాయాలె,” అని చెప్పి ఆయన ఒకటి వేశాడు. “దంచిందెవరమ్మా?”

“మా మరిదే, సాబ్,” అంది జోగులమ్మ. “ఎన్నడు రోకలి ముట్టనోడు, ‘నువ్వు రోట్లె వడ్లు ఎగదొయ్యి వదినా, నేను దంచుత’ అన్నడు. జర జల్ది మానాలె. రేపు సంస్థానం కచేరీల ముద్ర ఎయ్యాలె. నేను చేను అమ్మినట్టు ఎవరో దొంగ కాయితం పుట్టిచ్చిండ్రు. దాని మీది ముద్ర నాది కాదని తేలితే చేను నాకే ఉంటది.”

చోటే మియా కలం ఆగింది.

“ఆడోళ్లు ముద్ర ఏసేది కుడి బొటనవేలితోనే గదమ్మా?”

తిప్పన్న ఊదడం మానేశాడు.

జోగులమ్మ మరిది ముఖంలోకి చూసింది. తర్వాత మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

“గా ఒకటి కొట్టేసి రెండు రాయి, సాబ్.”

“రాస్తనమ్మా. కానీ దిద్దిన కాడ నీ ముద్ర ఉంటేనే చెల్లుతది.”

తిప్పన్న బల్ల మీది సిరాడబ్బాను వదిన ముందుకు మర్యాదగా జరిపాడు.

“ఎయ్యి, వదినా.”