తొమ్మిది వందల ముప్పై కిలోలు

అయస్కాంతం కారు తలుపుకు అంటుకోలేదు. జారి గచ్చు మీద పడింది.

ప్రత్యూష వంగి దాన్ని తీసింది. బానెట్ మీద పెట్టింది. డిక్కీ మీద పెట్టింది. రెండుచోట్లా జారిపోయింది. ఆమె వెనక నిలబడ్డ మరో ఇద్దరు పాత కార్ల సేకర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇది ఇనుము కాదు, ఫైబర్. షూటింగులకు చేసే నకలు. దీనికోసమా నన్ను హైదరాబాద్ నుంచి రప్పించారు?" అంది ప్రత్యూష.

వాళ్ళు నిలబడ్డ మిర్యాలగూడ రైస్ మిల్లు యజమాని నాగేశ్వర్ రావు మెల్లగా చాందీ వైపు తిరిగాడు. "మూడేండ్లు కూసొని నువ్వు చేసింది గిదానా, చాందీ?"

చాందీ కారు దగ్గరికి నడిచింది. ఎర్రటి బానెట్ మీద చెయ్యి వేసి చూస్తోంది. సూర్యాపేట హైవే పక్కన ఆమెకో మెకానిక్ షెడ్డుంది. కోదాడలో పాత ఇనుప సామాన్ల కొట్టులో తుప్పు పట్టి పడున్న 1961 నాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారును కనిపెట్టింది ఆమే. సామాను ఖర్చు నాగేశ్వర్ రావుది, పని ఆమెది, అమ్మితే చెరి సగం అనుకున్నారు. నిన్న సాయంత్రం స్వయంగా నడుపుకుంటూ వచ్చి తాళంచెవి ఆయన చేతిలో పెట్టి వెళ్ళింది. ఇప్పుడు ఎదురుగా ఉన్నది అదే రంగు, అదే నంబరు ప్లేటు, అవే చక్రాలు. కానీ మూడేళ్ళు రుద్దిన రేకును చెయ్యి మరిచిపోదు.

"సేటూ, ఇది నా బండి కాదు."

"నిన్న నువ్వు తెచ్చిందే గీడ ఉన్నది. అసలుది ఎవరికమ్ముకున్నవ్ చెప్పు."

ఈ మచ్చ ఒక్కసారి పడితే అమ్మకంలో ఆమె సగం పోతుంది, ఆ హైవే మీద ఒక్కడు కూడా స్కూటర్ సైతం ఆమె షెడ్డుకు తీసుకురాడు. ఫొటోలు చూపిస్తే లాభం లేదు, ఫొటోలో రెండూ ఒకటే. కాగితాలన్నీ సేటు బీరువాలో ఉన్నాయి. ఆమె మాట, ఆయన మాట. ఎవరిది నెగ్గుతుందో అక్కడున్న హమాలీలకు కూడా తెలుసు.

అప్పుడు చాందీ చూపు గేటు దగ్గర లారీలు తూచే కాంటా మీద పడింది.

ఆ మిల్లులోకి ఏ బండి వచ్చినా, ఏ బండి పోయినా తూకం వెయ్యాల్సిందే; అది సేటు ముప్పై ఏళ్ళుగా తప్పని నియమం. నిన్న కాంటా చూసే ఉప్పలమ్మ ఆమెను ఆపి మరీ కారును తూకానికి ఎక్కించింది. నేనేమన్నా వడ్లు తెచ్చిన్నా అని చాందీ నవ్వింది కూడా.

"మేడం, దీన్ని ఒక్కసారి కాంటా మీదికి తోయిద్దాం," అంది.

ఎండ ముదురుతోంది, ఈ ఆటలెందుకని నాగేశ్వర్ రావు విసుక్కున్నాడు. ప్రత్యూష మాత్రం అప్పటికే గేటు వైపు నడుస్తోంది. హమాలీలు తోశారు. ఉప్పలమ్మ కంప్యూటర్ చూసి పైకే చదివింది: ఇప్పుడు ఆరు వందల తొంభై కిలోలు. నిన్న సాయంత్రం తొమ్మిది వందల ముప్పై.

"రాత్రికి రాత్రి రెండు వందల నలభై కిలోలు ఎట్ల కరుగుతయి మేడం?" అంది చాందీ.

నాగేశ్వర్ రావు నెత్తి కొట్టుకున్నాడు. తన మిల్లులోనే దొంగలు పడ్డారని వాపోయాడు. నిన్నటినుంచి వచ్చిపోయిన బండ్లేమిటని ప్రత్యూష అడిగితే ఉప్పలమ్మ తెర ఇటు తిప్పింది. ఒకే ఒక్క లారీ. తెల్లవారుజామున ఐదూ పదికి లోపలికొచ్చింది. ఐదూ యాభైకి బయటికి పోయింది. వడ్ల లారీ అయితే పోయేటప్పుడు తేలికవ్వాలి. ఇది నకలును దింపి, అసలు కారును ఎక్కించుకుని బరువెక్కింది. సరిగ్గా రెండు వందల నలభై కిలోలు.

లారీ నంబరు కొట్టనిదే ఆ యంత్రం చీటీ ఇవ్వదు. నంబరు పోలీసులకు అందిన గంటకు, కోదాడ దగ్గర దాబా వెనక ఆపి ఉన్న లారీ దొరికింది. ఎస్సై వీడియో కాల్ చేశాడు. టార్పాలిన్ లాగగానే ఎర్రటి కారు మెరిసింది. డాష్‌బోర్డు కింది రెండు తీగలు కలిపి, చోక్ జర గుంజి స్టార్ట్ చెయ్యమని చాందీ అడిగింది. ఫోన్లోంచి ఇంజను గర్జించింది. హమాలీలు ఈలలు వేశారు. చాందీ కళ్ళు తుడుచుకుని నవ్వింది.

బేరం లేకుండా తీసుకుంటానంది ప్రత్యూష. తన దగ్గరున్న ఏడు పాత కార్లనూ ఇకమీద సూర్యాపేట షెడ్డుకే పంపుతానంది.

ఎస్సై లైన్లోనే ఉన్నాడు. డ్రైవర్ నోరు విప్పడం లేదని, బండిని పంపిందెవరో మిల్లువాళ్ళకు తెలుసా అని అడిగాడు.

"తెల్వకపోవుడేంది?" అన్నాడు నాగేశ్వర్ రావు. "కాంటా గది తాళం ఉండేది ఉప్పలమ్మ దగ్గర. ఇంటిదొంగ ఈమెనే."

అందరూ అటు తిరిగారు. ఉప్పలమ్మ బెదరలేదు. కుర్చీలోంచి లేచి కొంగుకున్న తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టింది.

"ఇది నాది. రెండోది ఇంకొకరి మొలకు ఉన్నది. బిడ్డా చాందీ, దొంగ ఎవడన్న దొంగసొమ్మును ఆపి తూకమేస్తడా? నేనైతే గేటు తీసి గట్లనే పంపుదును. కాంటా చెయ్యనిదే పొట్టు బస్త సుత బయటికి పోనియ్యని మనిషి, ముప్పై ఏండ్ల అలవాటు కొద్ది దొంగ లారీని సుత తూకమేసిన మనిషి, ఈ మిల్లుల ఒక్కడే."

చాందీ ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"రాసుకోండి సార్. నాగేశ్వర్ రావు."