కారంలో ఇటుకపొడి

"నేనే కలిపిన సారూ!"

అడగకముందే ఒప్పేసుకున్నాడు సిద్దిరాములు. కరీంనగర్ కోర్టులో జనం ముక్కున వేలేసుకున్నారు.

సుల్తానాబాదులో అతని పేరున ఉన్న కిరాణా దుకాణం. అక్కడ పట్టుకున్న కారంలో పావువంతు ఇటుకపొడి. అరవై ఆరో సంవత్సరం, కల్తీ చట్టం కొత్తగా బిగిసిన రోజులు.

"కనీసం ఆరు నెలల జైలు. తగ్గించాలంటే ప్రత్యేక కారణం రాయాలి" అన్నాడు మేజిస్ట్రేటు.

భుజాలు జారే లాల్చీని సిద్దిరాములు పైకి లాక్కున్నాడు. ఆరు నెలలు! వారం రోజులుగా ఇంటిల్లిపాదికీ అదే ఫికరు. బయట వరండాలో భార్య కనకవ్వ, చంకలో ఖాళీ గోనెసంచితో, వెయ్యి దేవుళ్లకు మొక్కుతోంది.

"వకీలును పెట్టుకోలేదేం?"

"తప్పు నాదైనంక వకీలెందుకు సారూ?"

"ఎవరైనా చేయమన్నారా?"

"ఎవ్వలు జెప్పలే. గీ చేతులతోనే ఇటుక దంచిన."

చేతులు చాపాడు. గోళ్ల సందుల దాకా ఎరుపే. జనం ఛీ కొట్టారు.

"పిల్లలెంతమంది?"

"ముగ్గురు. గాళ్ల మొకం జూసి తగ్గియ్యకుండ్రి. దండం పెడ్త. చట్టం చట్టమే."

మేజిస్ట్రేటు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పాపం, పదిహేనేళ్ల సర్వీసులో తగ్గించమని కాళ్లమీద పడ్డవాళ్లనే చూశాడు గాని, ఇలాంటి మనిషిని చూడలేదు. అంత పశ్చాత్తాపం కంటే ప్రత్యేక కారణం ఇంకేం కావాలి? కలం తీసి అదే రాశాడు.

"కోర్టు లేచేదాకా ఆ మూల కూర్చో. అదే శిక్ష. తర్వాత ఇంటికి పో."

"వద్దు సారూ, జైలుకే తోలుండ్రి!" సిద్దిరాములు బావురుమన్నాడు.

మేజిస్ట్రేటు మనసు ఇంకాస్త కరిగింది. కోర్టు జవాను వీపు తట్టి, "ఏం నసీబురా నీది!" అన్నాడు.

సాయంత్రం కోర్టు లేచింది. కనకవ్వ ఎదురొచ్చింది.

"ఎన్ని నెల్లు ఏసిండ్రయ్యా?"

"ఒక్కటి గూడ ఎయ్యలే."

కనకవ్వ స్తంభం పట్టుకుని అక్కడే కూలబడింది.

ఏళ్ల తరబడి నూలుకు రంగులద్ది చేతులు ఎర్రబడ్డ ఆ నేతగాడు, మగ్గం ఆగి పొయ్యి వెలగని రోజున ఒక సేటు దుకాణానికి తన పేరిచ్చింది, పట్టుబడితే జైల్లో గడిపే ప్రతి నెలకూ తన ఇంటికి ఒక జొన్నబస్తా పంపిస్తాడన్న మాట మీద.