సాక్ష్యం అక్క

వ్యాను దిగుతూనే కొత్తపిల్ల అందరికీ నచ్చేసింది. అదే సాక్ష్యం అక్కకి నచ్చలేదు.

చర్చి యూత్ క్యాంపు అది. పరాయి దేశంలో వారమంతా తలో చోట చాకిరీ చేసే పాతికమంది మనవాళ్లు, శని ఆదివారాలకి ఒక పెద్ద ఇల్లు అద్దెకు తీసుకుని, పాటలు పాడుకుని, ప్రార్థన చేసుకుని, కడుపు నిండా తెలుగు మాట్లాడుకుని పోతారు.

అక్కకి ఆ పేరు ఊరికే రాలేదు. దేవుడు తమకు చేసిన మేలు గురించి నలుగురిలో లేచి చెప్పడాన్ని వీళ్లు సాక్ష్యం అంటారు. వీసా వచ్చిందనో, పరీక్ష గట్టెక్కిందనో ఎవరి సాక్ష్యం వాళ్లకుంటుంది. కానీ అక్క లేచి బస్సు ప్రమాదం సంగతి ఎత్తుకుందంటే రెండో నిమిషానికల్లా ముక్కులు చీదడం మొదలవ్వాల్సిందే. రెండేళ్లుగా అదే సాక్ష్యం, అవే ఏడుపులు. పనిచేసే చోట ఆమెని పిలిచే దిక్కే లేదు, "కాస్త జరుగు" అనేవాళ్లు తప్ప. ఇక్కడ మాత్రం అక్కా అక్కా అంటూ వెంటబడి తిరుగుతారు.

పైగా ఈసారి ఇంకో సంగతుంది. వచ్చే నెల పెద్ద సభలో, రెండు వేలమంది ముందు, ఈ గుంపు తరఫున ఒక్కరు సాక్ష్యం చెప్పాలి. ఎవరన్నది ఈ క్యాంపులోనే తేలుస్తారు. తేల్చడానికేముంది, అక్క ఆ రోజుకి కట్టే చీర కూడా ఇస్త్రీ చేసి పెట్టుకుంది.

సరిగ్గా ఇప్పుడే ఊడిపడింది ఈ పిల్ల.

"నాకూ ఒక సాక్ష్యం ఉందన్నా. ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు" అంది, గుంపుకి పెద్దయిన బస్సు డ్రైవరన్నతో. కనుబొమ్మ మీదినుంచి చెంపదాకా మచ్చ ఆ పిల్లకి.

అక్క ఆ మచ్చనే చూసింది. మచ్చ కూడానా! ఇంక ఇది నోరు విప్పక్కర్లేదు, ఊరికే నిలబడ్డా ఏడ్చేస్తారు. తనకేముంది చూపించడానికి? ఒక గీత కూడా లేదు. "దేవుడు నిన్ను మరీ ఇంత శుభ్రంగా బాగుచేశాడేంటక్కా!" అని గిటారు వాయించే అబ్బాయి ఓసారి అంటే అందరూ నవ్వారు. అక్క మాత్రం ఆ పూటంతా వాడితో మాట్లాడలేదు.

శనివారం పొద్దున టీ దగ్గర ఆ పిల్ల చుట్టూ గుంపు. బెంచీ మీద ఎప్పుడూ అక్క కూర్చునే చోటే కూర్చుంది మహాతల్లి. అక్కని చూసి జరిగి చోటిచ్చింది కూడా.

"మీరు మాట్లాడుతుంటే వినాలనిపిస్తుందక్కా" అంది.

"నాకు అంత తీరిక లేదమ్మా" అంది అక్క. నా సీటుకే ఎసరు పెట్టి, పైగా నాకే కాకా పడుతోందా? నా దగ్గరా ఈ పప్పులు!

పనుల జాబితా అక్క చేతిలోనే ఉంటుంది. మధ్యాహ్నం భోజనాలవుతుండగా తీసి చదివింది.

"గిన్నెలు కొత్తపిల్ల."

"ఒక్కదానికేనా? ఇంకాసేపట్లో సాక్ష్యాలు కదా" అన్నాడు డ్రైవరన్న.

"మొదటిసారి వచ్చినవాళ్లే కడగాలన్నా. మన పద్ధతేగా!"

అలాంటి పద్ధతేమీ లేదు. కానీ అక్క మాటకి ఎదురుచెప్పే అలవాటు ఎవరికీ లేదు. పాతిక కంచాలు, అడుగంటిన మూడు డేగిశాలు. గంటన్నర పని. ఆ పిల్ల చేతులు పైకి మడుచుకుని వంటింట్లోకి నడిచింది. అక్కకి ఒక్క క్షణం మనసు పీకింది. రెండో క్షణం పెద్ద సభ గుర్తొచ్చింది.

సాక్ష్యాలు మొదలయ్యాయి. అక్క లేచింది. ఎప్పుడూ చెప్పేదానికంటే బాగా చెప్పింది. దేశానికి కొత్తగా వచ్చిన నెలలోనే బస్సు బోల్తాపడటం. కళ్లకు కట్లు. పదకొండు రోజులు మంచం మీద. నోట మాట లేదు, తన భాష తెలిసినవాళ్లు లేరు.

"నా పక్కన మనిషన్నవాడు లేడు. పొద్దున్నే ఎవరో వచ్చి ధైర్యం చెప్పినట్టుండేది. అది దేవుడు కాక ఇంకెవరు?"

ముక్కులు చీదడం మొదలైంది. డ్రైవరన్న కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇంకెవరినో చూడక్కర్లేదు. సభకి అక్కే వెళ్తుంది" అన్నాడు. చప్పట్లు. అక్క గుండె నిండిపోయింది.

అప్పుడు కనిపించింది, వంటింటి గుమ్మంలో కొత్తపిల్ల. మోచేతులదాకా సబ్బు నురగ. ఎప్పటినుంచి నిలబడిందో, చెంపలు రెండూ తడిసిపోయి ఉన్నాయి. ఏడు, ఏడు, ఇప్పుడు తెలిసిందా సాక్ష్యమంటే ఏమిటో అనుకుంది అక్క.

"రామ్మా, నువ్వూ చెప్పు. ఏదో ఉందన్నావుగా" అన్నాడు డ్రైవరన్న.

ఆ పిల్ల నురగ చేతులతోనే నడిచొచ్చి, అక్క రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"ఆ మంచం మీద పదకొండు రోజులు కళ్లకు కట్లతో పడున్నది నేనన్నా, రోజూ పొద్దున్నే వార్డు తుడవడానికొచ్చి, 'ఇవాళ లేస్తావులే తల్లీ' అంటూ నన్ను బతికించిన గొంతు ఈ అక్కది."