ఆరు చున్నీలు

“టీచర్, ఇందాకటి రాయి మునిగింది!”

హారతి అరుపు విని స్వరాజ్యం వాగు వైపు చూసింది. పొద్దున పిల్లలంతా చెప్పులు చేతబట్టుకుని, నవ్వుకుంటూ దాటిన వాగు. అప్పుడు పాదాలు కూడా సరిగా మునగలేదు. ఇప్పుడు మోకాళ్ల దాకా వచ్చి ఎర్రగా సుళ్లు తిరుగుతోంది. పైన కొండల్లో ఎక్కడో కాలం కాని వాన పడుతున్నట్టుంది.

అవతలి గట్టున కనకయ్య సారు, పదహారుమంది పిల్లలు. ఇవతల తనూ, ఆరుగురు ఆడపిల్లలూ. తిరుగుదారిలో హారతి కాలు మడతపడింది. ఆ పిల్లను నడిపించుకొస్తూ వీళ్లు వెనకబడ్డారు. ఫోన్‌లో సిగ్నల్ లేదు.

కరోనాకు ఏడాదిన్నర మూతబడ్డ తెలుగు బడి తెరిచి మూడు నెలలే అయింది. సూరత్‌లో లింబాయత్ గల్లీలు తప్ప ఇంకేమీ చూడని పిల్లలు ఒక్కరోజైనా చెట్ల గాలి పీల్చాలని, హెడ్మాస్టరు వద్దంటున్నా పట్టుబట్టి ఎనిమిదో తరగతిని మాండవి అడవికి తీసుకొచ్చింది స్వరాజ్యమే. ‘మీ పిల్లలకు నాదే పూచీ’ అని ఇంటింటికీ తిరిగి చెప్పింది కూడా.

“కాసేపు ఆగుదామా సారూ?” అని కేకేసింది.

“ఆగితె ఇంకింత పెరుగుతది మేడమ్! మబ్బు జూడుండ్రి!”

హారతి ఏడుపు అందుకుంది.

“ఏడుపు బంద్ చెయ్యి. అందరు చున్నీలు తీయుండ్రే!”

ఆ మాటన్నది విజేత. స్వరాజ్యం నమ్మలేనట్టు చూసింది. ఆన్‌లైన్ క్లాసుల్లో ఏనాడూ కెమెరా తెరవని పిల్ల. బడి మొదలయ్యాకా మాస్కు చాటున, చివరి బెంచీలో నోరు విప్పకుండా కూర్చునే పిల్ల. లాక్‌డౌన్‌లోనే బదిలీ మీద వచ్చిన స్వరాజ్యానికి క్లాసులో సగంమంది కళ్లు తప్ప మొహాలు తెలియవు. పొద్దున బస్సులో హాజరు పిలిచినప్పుడు కూడా, హారతి మోచేత్తో పొడిస్తే గానీ విజేత పలకలేదు.

అడవిలోకి అడుగుపెట్టాక మాత్రం ఆ పిల్ల తీరే మారిపోయింది. కనిపించిన ప్రతి చెట్టునూ తడిమి చూసింది. పేర్లన్నీ అడిగి చేతి మీద రాసుకుంది. ఉన్నట్టుండి, “పదో తరగతి సైన్సుల ఇంకేమేం చెప్తరు టీచర్?” అని అడిగింది.

“ముందు ఎనిమిది గట్టెక్కవే తల్లీ!” అని స్వరాజ్యం నవ్వితే, పిల్లలంతా ఒకరినొకరు చూసుకుని కిసుక్కుమన్నారు.

ఇప్పుడు అదే పిల్ల ఆరు చున్నీలను మెలితిప్పి, ఒకదానికొకటి చకచకా ముడేస్తోంది. యూనిఫాం చేతులు పొట్టివై పైకెగబాకాయి. ఈ రెండేళ్లలో పిల్లలు ఎదిగిపోయారు. ఎవరి బట్టలూ ఎవరికీ సరిపోవడం లేదు.

“ఊడిపోదూ?” అంది స్వరాజ్యం.

“ఊడది టీచర్. సాంచ మీద పోగు తెగితే గీ ముడే ఏస్తరు. గుంజినకొద్దీ బిగుస్తది.”

మరమగ్గాల మీద నేసేవాళ్ల ఇంట్లో పుట్టిన పిల్లకు ఆ మాత్రం తెలియదా అనుకుంది స్వరాజ్యం.

విజేత చున్నీ కొసకు రాయి కట్టి విసిరింది. రెండోసారికి అందుకుని కనకయ్య సారు చెట్టుకు చుట్టాడు. ఇవతలి కొస మద్దిచెట్టుకు బిగించారు. ఒక్కొక్క పిల్లే చున్నీ పట్టుకుని దిగింది. ప్రతి పిల్లకూ నీటివాలు వైపు ఆనుకుని విజేత నడిచింది. తడిసిన మాస్కులు ఒక్కొక్కరే పీకేశారు. విజేత తియ్యలేదు.

చివరికి హారతిని వీపున ఎక్కించుకుంది. నడివాగులో కాలు జారింది. ఇద్దరూ ఒక పక్కకు ఒరిగారు.

“అక్కా, ఇడవకే! అక్కా!”

“ఇడువ. కండ్లు మూస్కో.”

ప్రాణభయంలో తోటిపిల్ల కూడా అక్కే అయిపోతుందేమో! హారతిని గట్టున దింపి, ఆ పిల్ల మళ్లీ వాగులోకి దిగి వచ్చింది.

“రాండ్రి టీచర్. నా చెయ్యి వట్టుకోండ్రి.”

ఆ అరచెయ్యి గరుకుగా, కాయలు కాసి ఉంది. పదమూడేళ్లకే ఇంటెడు చాకిరీ చేస్తుందేమోనని స్వరాజ్యానికి జాలేసింది. ఆ చెయ్యే ఆమెను గట్టెక్కించింది.

బస్సు కదిలాక స్వరాజ్యం పిల్లలను రెండుసార్లు లెక్కపెట్టుకుంది. ఇరవైరెండు. అప్పటిదాకా ఆపుకున్న కన్నీళ్లు అప్పుడొచ్చాయి. కొంగుతో మొహం తుడుచుకుని విజేత పక్కన కూర్చుంది.

“రేపు ప్రార్థనలో అందరి ముందూ నీ పేరు చెప్తాను. మీ అమ్మానాన్నలను కూడా తీసుకురా. ఎటువంటి బిడ్డను కన్నారో వాళ్లకు తెలియాలి.”

ఆ పిల్ల తల వంచుకుంది. “వద్దు టీచర్.”

“ఎందుకొద్దూ?”

ముందు సీటులోంచి హారతి వెనక్కి తిరిగింది. మిగతా పిల్లలూ ఇటే చూశారు.

“మీరు తిట్టనంటే ఒకటి చెప్త,” అంది విజేత.

“నిన్నా? నిన్నెందుకు తిడతానే!”

ఆ పిల్ల మాస్కును మెల్లగా గడ్డం కిందికి లాగింది. స్వరాజ్యం ఆ మొహాన్ని చూడటం అదే మొదటిసారి.

“విజేత ఇయ్యాల ఇంట్లనే ఉంది టీచర్, నేను బడి మానేసిన వాళ్లక్కను.”