కడగని చేప

వంటింటి వెనక తలుపు దగ్గర మళ్ళీ ఆ ముసలాయన నిలబడి ఉన్నాడు.

హన్మాండ్లుకు ఒళ్ళు మండింది.

"ఏం గావాలె చాచా? రోజూ ఇదేం పని?"

"ఏం లేదు నాయనా. ఈ రోజు చేపంట గదా, ఎట్టా చేస్తుండావో చూద్దామని."

చేప సంగతి ఈయనకెలా తెలిసింది? 

అతను ఈ ఇంట్లో చేరి నెల కాలేదు. గల్ఫ్ దేశంలోని ఖోర్ ఫక్కాన్ రేవు కొత్తగా పెరుగుతున్న రోజులవి. అక్కడ బస్తాలు మోసి మోసి నడుం పాడుచేసుకుంటే, క్యాంపు ఫోర్‌మన్ జాలిపడి జపాన్ మేనేజరు ఇంట్లో వంటకు పెట్టించాడు. ఆ మేనేజరును అందరూ అరబ్బీలో ముదీర్ అంటారు. ముదీర్‌కు వంట నచ్చితేనే ఉద్యోగం, లేదంటే మళ్ళీ బస్తాలే. ఇంకో బస్తా ఎత్తితే తను మంచం పడతాడని హన్మాండ్లుకు తెలుసు. అందుకే కంటిమీద కునుకు లేదు.

పైగా ఇలాంటి నీడపట్టు పని మీద కన్నేసేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఈ ముసలాయనదీ అదే బాపతని అతని నమ్మకం.

"నా పేరు మౌలా సాహెబ్. మాది నెల్లూరు పక్కన..."

"మంచిదే. నాకు పనుంది."

హన్మాండ్లు ఫ్రిజ్ తెరిచాడు. నిన్న ముదీర్ స్వయంగా వంజరం ముక్కలకు తన దేశపు ముద్ద పట్టించి పెట్టాడు. మీసో అంటారట, సోయా గింజల్ని పులియబెట్టి చేస్తారట. ఈ మధ్యాహ్నం కాల్చి పెట్టమని చేతులతో సైగ చేశాడు. ఇద్దరి మధ్యా భాష అంతవరకే.

మూత తీయగానే పులిసిన వాసన గుప్పుమంది. మట్టిరంగు ముద్దలో ముక్కలు కనపడటం లేదు. గిన్నెను నల్లా కింద పెట్టబోయాడు.

"కడగబాక నాయనా. నీళ్ళు తగిలితే రుచంతా పోతాది. వేలితో తుడిచెయ్. సన్న సెగ మీద పెట్టు, లేకుంటే మాడిపోతాది."

హన్మాండ్లు చెయ్యి ఆగింది.

చేపను కడగొద్దంటాడా? ఆర్మూరు దగ్గర తన పల్లెలో ఎవర్నడిగినా చెబుతారు, ఉప్పూ పసుపూ వేసి నీచు పోయేదాకా కడగాలని. తన చేత కంపు చేప పెట్టించి, ముదీర్ వెళ్ళగొట్టగానే తాను దూరాలని ఈయన ఎత్తు. గడ్డం నెరిసినా ఎంత కుళ్ళు.

"నా నౌకరి మీద కన్నేసినవ్ గదా చాచా? నీ మాటింటే నా బతుకు ఖలాస్. పో ఇంక."

మొహమ్మీదే తలుపేశాడు.

నీళ్ళు మార్చి మార్చి ముక్కల్ని కడిగాడు. ఉప్పు, పసుపు, కారం పట్టించి పెద్ద మంట మీద వేయించాడు. తెలిసిన వాసన వచ్చాక ప్రాణం కాస్త కుదుటపడింది.

ముదీర్ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. తినే పుల్లలు కింద పెట్టేసి వంటింట్లోకి వచ్చాడు. సింకులో మిగిలిన ముద్దను చూడగానే ఆయన మొహం ఎర్రబడింది.

"ఖలాస్," అన్నాడు. "యల్లా."

పొమ్మంటున్నాడని హన్మాండ్లుకు అర్థమైంది. ఇక మళ్ళీ బస్తాలే.

అప్పుడే వెనక తలుపు తోసుకుని మౌలా సాహెబ్ లోపలికొచ్చాడు. ముదీర్ ముందు నడుం వంచి ఏదో మెల్లగా చెప్పాడు. అది ఏ భాషో కూడా హన్మాండ్లుకు తెలియలేదు. ముదీర్ ఆయన మీద గట్టిగా అరిచి గేటు చూపించాడు. ముసలాయన తల వంచుకుని వెళ్ళిపోయాడు.

చాడీలు చెప్పబోయి తనే గెంటించుకున్నాడు, పీడ పోయింది అనుకున్నాడు హన్మాండ్లు.

ముదీర్ మాత్రం చిత్రంగా చల్లబడ్డాడు. ఉండమన్నట్టు చెయ్యి ఊపాడు. మరో చేప తెచ్చి ముద్ద పట్టించి, తరువాతి శుక్రవారం పక్కనే నిలబడి చూపించాడు. నీళ్ళ మాటే లేదు. ముద్దను వేలితో తుడిచేశాడు. సెగ బాగా తగ్గించాడు.

 ముసలాయన చెప్పింది అక్షరాలా నిజం.

పళ్ళెం ఖాళీ చేసి ముదీర్ అతని భుజం తట్టాడు. ఉద్యోగం నిలిచింది. హన్మాండ్లుకు మాత్రం సిగ్గుతో చచ్చినంత పనైంది. బయట కారు తుడుస్తున్న డ్రైవర్ అబ్దుల్ రహీం దగ్గరికి గబగబా వెళ్ళాడు.

"రహీం భాయ్, రోజూ వెనక తలుపు కాడికి వస్తుండె, ఆ మౌలా సాబ్ ఏడుంటడు? మాఫీ అడగాలె."

"ఇంకెక్కడి మౌలా సాహెబప్పా. వీసా క్యాన్సిల్ చేసినారు. మొన్ననే విమానమెక్కి పోయినాడు."

"ఎందుకు? అసలెవరాయన?"

కడప మనిషి రహీం, గుడ్డ పిండుతూ అతని వైపు వింతగా చూశాడు.

"నీకు తెల్దా? నీకంటే ముందు ఈ ఇంట్లో వండింది ఆయనే. వయసైపోయిందని తీసేసినా, కొత్తోడు పనికిరాకపోతే మళ్ళీ ఆయన్నే పెట్టుకుంటానని, అందాకా ఉండమని ముదీరే ఆపినాడు. ఆయనేమో ఆ పొద్దు, చేపను కడిగి పసుపు పుయ్యమని నీకు తప్పు చెప్పింది తానే అని ముదీర్‌తో చెప్పి, నీకు ఈ పని వదిలేసి పోయినాడు."