అక్క చట్రం

కెన్యాలోని మొంబాసాలో ఆడవాళ్ల తగవుకి నోరు అక్కర్లేదు. కాంగా బట్ట మీద ఒక మాట అచ్చు వేయించి, అది కట్టుకుని ఎదుటివాళ్ల గుమ్మం ముందు నుంచి నడిస్తే చాలు. సౌము, వాళ్లక్క మ్వనఖేరి ఏళ్ల తరబడి అలాగే తిట్టుకున్నారు. ఇద్దరిదీ బట్టల మీద అచ్చు వేసే పనే మరి.

అక్క గీసిన జీడిమామిడి కొమ్మని సౌము తన బొమ్మగా అచ్చు వేసుకుంది. ఊరంతా మెచ్చుకుంది. నిజం తెలిసింది అక్కాచెల్లెళ్లకే.

అక్క పోయి రేపటికి నలభయ్యో రోజు. ఆ రోజు ప్రార్థనకి కట్టుకుందామని, సౌము అక్క అచ్చు వేసే జాలీ చట్రాన్నే శుభ్రంగా కడిగి, అందులో "క్షమించు అక్కా" అనే అక్షరాలు దించింది.

"బతికుండగా పెగలని నోరు ఇప్పుడు పెగిలిందేమే?" గోడ అవతల నుంచి మేనత్త దెప్పింది.

"అప్పట్లో రంగు దొరకలేదులే అత్తా. పడుకో."

అత్త గురక మొదలయ్యాక సౌము బట్ట మీద చట్రం దించి, రంగు పోసి, రబ్బరు పలకతో ఒక్క లాగు లాగింది. చట్రం ఎత్తి చూస్తే, తన మాట కింద లేతగా ఇంకో మాట. ఎంత కడిగినా చట్రంలో పాత రాత కాస్త మిగలడం మామూలే. అక్క తిట్లన్నీ ఆమెకి కంఠతా వచ్చు. ఇది వాటిలో ఏదో చూద్దామని దీపం దగ్గరికి జరిపింది.

"దేనికి?"

అక్క ఈ మాట ఎప్పుడూ అచ్చు వేయలేదు.

కాంగా అంటే జోడు ముక్కలు. సౌము రెండో ముక్క పరిచి, చట్రం దించి, చేతులు ఒళ్లో పెట్టుకు కూర్చుంది. రబ్బరు పలకని ముట్టుకోలేదు; అది గోడకి ఆనించే ఉంది.

గురక ఆగింది. ఆ నిశ్శబ్దంలో, చట్రం కింద బట్టలోకి రంగు దిగుతున్న చప్పుడు మెల్లగా, ఒక్కో అక్షరమే వినిపిస్తోంది.