కాలికి చుట్టిన గుడ్డ

గుడ్లు అమ్ముకుని బజారు నుంచి వచ్చిన కోళ్లావిడ, పెరట్లో అడుగు పెట్టగానే ఉలిక్కిపడింది.

దొర రెండు కాళ్లకీ గుడ్డ పీలికలు చుట్టి ఉన్నాయి.

దొర అంటే ఆ ఇంటి పందెం జాతి పుంజు. మెడ సాచి నిలబడితే ఆవిడ మోకాళ్లు దాటి వస్తాడు. లారీ నడిపే మొగుడు, ఎవరో ఊరికే ఇచ్చారంటూ తెచ్చాడు. "పందేనికి పెట్టనని మాటిచ్చాను, జాగ్రత్త" అని అప్పగించి, మళ్లీ లారీ ఎక్కి దూరం వెళ్లిపోయాడు.

గుడ్లు పెట్టే పెట్టల మధ్య ఈ రాక్షసుడేమిటని మొదట్లో ఆవిడ హడలిపోయింది. ఇల్లు గడిచేది ఆ గుడ్లతోనే మరి. తీరా చూస్తే ఒక్క పెట్టకీ చిన్న గీటు కూడా పడలేదు. "నా పెంపకం అలాంటిది" అని వీధంతా చెప్పుకుని మురిసిపోయింది.

ఇప్పుడు ఒక పీలిక విప్పి పట్టుకుని పక్కింటి దర్జీ దగ్గరికి పరిగెత్తింది.

"అక్కా, కాలికి గుడ్డ చుట్టేది దేనికనుకున్నావు? దాని మీద కత్తి కట్టడానికి! ఇది పందెం వాళ్ల పనే."

"నా దొరనా!"

"మీ వెనక గదిలో అద్దెకున్నాడే, గాటాయన. బుగ్గ మీద ఆ గాటేంటి, చేతికి రెండు వేళ్లు లేకపోవడమేంటి? నేనైతే ఆయన కొలతలు కూడా తీసుకోను."

ఆవిడకి మాత్రం భయం లేదా? గాటాయన దిగిన రోజు నుంచీ పగటిపూట కూడా గడియ పెట్టుకునే ఉంటోంది. దొర వచ్చిన కొన్నాళ్లకే వచ్చాడు. గది సరిగ్గా చూడనైనా లేదు, పెరట్లో కోళ్లని మాత్రం చాలాసేపు చూశాడు. ఒకసారి "అమ్మా, ఆ పుంజు..." అని నోరు విప్పాడు.

"అమ్మేది కాదు!" అని ఆవిడ తలుపేసేసింది.

ఇప్పుడన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పెరటి గోడకి ఎవరో చేరేసిన పాత తలుపు చెక్క. గోడ ఎక్కడానికే! తను పెట్టే గిన్నె కాక, రోజూ రెండో మూలన కనిపిస్తున్న గిన్నెడు మేత. అందులో ఏ మందు కలిపాడో!

ఇంటికొచ్చేసరికి దండెం మీద గాటాయన తువ్వాలు ఆరుతోంది. అంచు చిరిగి ఉంది. పీలిక పెట్టి చూస్తే సరిగ్గా సరిపోయింది.

దర్జీని తోడు తెచ్చుకుని, గది గుమ్మానికి ఆమడ దూరంలో నిలబడి అరిచింది.

"ఈ పూటే ఖాళీ చెయ్యండి. లేదంటే పోలీసుల్ని పిలుస్తాను!"

"ఒక్క మాటమ్మా. దాని ముళ్లు..."

"మీ మాటలేవీ నాకొద్దు!"

గాటాయన సంచి భుజానేసుకుని వెళ్లిపోయాడు. దొర కంచె వెంట పరిగెత్తి, ఆయన వీధి మలుపు తిరిగేదాకా మెడ సాచి చూస్తూ నిలబడ్డాడు.

'ఎంత మందు పెట్టాడో' అనుకుంది ఆవిడ.

పీలికలు పొయ్యిలో పడేసింది. తలుపు చెక్కని కట్టెల కింద చీల్చింది. రెండో గిన్నె ఎత్తేసింది. అప్పటికి గానీ ఊపిరి పీల్చుకోలేదు.

కొన్నాళ్లకి చుక్కల పెట్టకి రెక్క కింద చీరుకుపోయింది. తర్వాత తెల్లపెట్ట కుంటడం మొదలుపెట్టింది. మేత గిన్నె దగ్గర రోజూ తన్నులాటే. బెదిరిపోయిన పెట్టలు గుడ్లు మానేశాయి. ఒక పొద్దున ఎర్రపెట్ట నెత్తుట్లో పడి ఉంది. గూటి తలుపు తియ్యాలంటేనే ఆవిడ జంకేది.

"గాటాయన పోతూ పోతూ ఏదో చేసే పోయాడు" అని తేల్చాడు దర్జీ.

ఆ వారమే మొగుడు లారీ దిగి వచ్చాడు. దొరని ఒడిసిపట్టి కాళ్లు తడిమి చూశాడు.

"కాలి ముళ్లు సూదుల్లా ఉన్నాయేంటే! అరగదీసి గుడ్డ చుట్టడం లేదా?"

"గుడ్డ... నేనెందుకు చుడతాను?"

"ముళ్లు గుచ్చుకోకుండా! మేత రెండు మూలల పెట్టాలని, పెట్టలు దాక్కోడానికి ఏదైనా చాటు ఉండాలని, అప్పుడే అన్నీ కలిసి బతుకుతాయని దొరనిచ్చినాయన లక్షసార్లు చెప్పాడు కదా." అంతలోనే నాలిక్కరుచుకున్నాడు. "నీకు చెప్పడం మర్చిపోయానా?"

ఆవిడ వెనక గది వైపు చూసింది.

"ఎప్పుడైనా వచ్చి చూసుకోమని మనింటి గుర్తులు కూడా చెప్పాను. ఇల్లూ వాకిలీ లేని మనిషి, మళ్లీ ఎక్కడ దొరుకుతాడో. రాలేదా?"

"ఎలా ఉంటాడు?" అంది ఆవిడ, వినబడీ వినబడనట్టు.

"బుగ్గ మీద గాటుంటుంది, చేతికి రెండు వేళ్లుండవు. పందెం వాళ్లు దొరని లాక్కుపోబోతే, ఇవ్వనని కత్తికి అడ్డం పెట్టాడే, ఆ చేతికి."